లంకెబిందెలకు పంచనామా

వాట్‌ఫర్డ్ జంక్షన్‌లో లండన్ రైళ్లు ఆగే ప్లాట్‌ఫారాలన్నీ దాటి చివరికంటా నడిస్తే, ఓ మూలన చిన్న రైలు నిలబడి ఉంటుంది. సెయింట్ ఆల్బన్స్ పోయేది అదే. ఆరున్నర మైళ్ల దారి, ఒంటి పట్టా. బ్రికెట్ వుడ్, హౌ వుడ్, పార్క్ స్ట్రీట్ అనుకుంటూ ఇళ్ల పెరళ్ల వెనకనుంచి, చెట్ల సందుల్లోంచి పావుగంటలో చేర్చేస్తుంది. మిర్యాలగూడ ప్యాసింజర్లకు అలవాటుపడ్డ ప్రాణం కదా, కూర్చున్న సీటు వెచ్చబడేలోపే దిగమంటే కాస్త వెలితిగా అనిపించింది.

నేను బయల్దేరింది ఊరు చూడ్డానికి కాదు, ఒక ఉపన్యాసం వినడానికి. మా అమ్మాయి వాళ్లింటి దగ్గరి లైబ్రరీ నోటీసు బోర్డు మీద ఓ కాగితం కనబడింది. సెయింట్ ఆల్బన్స్‌లో స్థానిక పురావస్తు సంఘం సభ, భూమిలో దొరికే నాణేల నిధుల మీద అతిథి ఉపన్యాసం, ఎవరైనా రావచ్చు అని. తహసీల్దారుగా రిటైరైనవాణ్ణి, నిధి అన్న మాట కనబడితే ఊరికే పోలేను. నల్లగొండ జిల్లాలో రెవెన్యూ ఉద్యోగం చేసినవాడికి లంకెబిందెల ఫైలు ఒక్కటైనా తగలకుండా సర్వీసు పూర్తికాదు. “నాన్నా, ఇంత చలిలో రాత్రిపూట ఆ ముసలాళ్ల మీటింగుకు వెళ్తావా?” అంది మా అమ్మాయి. నా వయసెంతో మరిచిపోయినట్టుంది. సభ అయ్యేసరికి కారు తెస్తానని అల్లుడు మాటిచ్చాక గాని ఒప్పుకోలేదు.

ఇలాంటి సంఘాలు ఇంగ్లండ్‌లో నిన్న మొన్నటివి కావు. సెయింట్ ఆల్బన్స్‌లో 1845లోనే ఒకటి పుట్టింది. ససెక్స్‌ది 1846, సర్రేది 1854. పురావస్తు ఉద్యోగానికి సర్కారు జీతమివ్వడమనేది ఇంకా లేని రోజుల్లో చర్చి ఫాదర్లు, డాక్టర్లు, వకీళ్లు తలా ఇంత చందా వేసుకుని పెట్టుకున్నవి. ఆ గాలి మనకూ సోకింది. హైదరాబాద్‌లో 1914లో ఆర్కియలాజికల్ సొసైటీ వచ్చింది, రాజమండ్రిలో 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వచ్చింది. రెండూ పత్రికలు నడిపాయి, పండితులు వాటిలో గట్టి వ్యాసాలు రాశారు. కాని రైతూ, బడిపంతులూ, కిరాణా కొట్టాయనా నెలనెలా వచ్చి వెనక బెంచీలో కూర్చుని వినే అలవాటు మాత్రం మన ఊళ్లలో పాదుకోలేదు.

సభ రాత్రి కాబట్టి మధ్యాహ్నమే చేరుకుని ఊరు తిరిగాను. కింద పల్లంలో ఉన్నది వెరులేమియం, రోమన్ల కాలపు పట్నం. క్రీ.శ. 60–61లో బూడికా రాణి తిరగబడి దీన్ని తగలబెట్టింది. ఆ కాలిన మట్టి పొర ఇప్పటికీ తవ్వకాల్లో తగులుతుంది. రోమన్లు పోయాక కొత్త ఊరు పక్క గుట్ట మీద మఠం చుట్టూ పెరిగింది. అందువల్ల పాత పట్నం మీద మేడలు లేవలేదు, పొలాల కింద, గడ్డి కింద పడి ఉంది. 1929లో మునిసిపాలిటీ కొంత భూమి కొని పార్కు చేసింది. ఆ మరుసటేడు మార్టిమర్ వీలర్, ఆయన భార్య టెస్సా అక్కడ తవ్వకం మొదలుపెట్టారు. ఈ వీలరే 1944లో మన పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్‌గా వచ్చి, 1948 దాకా ఉండి, మనవాళ్లకు గళ్లుగళ్లుగా గోతులు తీసి, మధ్యలో గట్లు వదిలి, ఆ గట్ల గోడల్లో మట్టి పొరలు చదివే పద్ధతి నేర్పింది.

పార్కు మధ్యలో ఒక చిన్న కట్టడం, టికెట్ లేదు. లోపల ఒక ఇంటి గచ్చు, రంగురాళ్లు పేర్చి చేసిన ముగ్గు. కింద వేడిగాలి తిరగడానికి వదిలిన ఖాళీ ఒక పక్క తెరిచి ఉంది. సుమారు 1800 ఏళ్ల కిందటిది. తలుపు బయట పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. కాపలావాడు నిద్రపోతూ కనబడలేదు, “ఫొటో తీయరాదు” బోర్డు కనబడలేదు. కాస్త అసూయపడ్డాను.

గుట్టెక్కి ఆబీ చర్చి కూడా చూశాను. గోపురం ఎర్రటి ఎరుపు. 1077లో మొదలైన నార్మన్ల కట్టడం అది. దగ్గర్లో మంచి రాయి దొరక్క, కింద పాడుబడ్డ రోమన్ పట్నం ఇటుకలు ఏరి తెచ్చి కట్టారు. పలకల్లా సన్నటి ఇటుకలు, దగ్గరికెళితే ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కొత్త అమరావతి కట్టించే రోజుల్లో దీపాలదిన్నె బౌద్ధ స్తూపం రాళ్లకు పట్టిన గతీ ఇదే. మనవాళ్లకు పాతవాటి విలువ తెలియదని సభల్లో తిట్టిపోసేవాళ్లను ఒక్కసారి ఈ గోపురం కింద నిలబెట్టాలి. పాత ఊరు కొత్త ఊరికి రాతిగని కావడం ఎక్కడైనా ఉన్నదే.

అసలు చూడాల్సింది మ్యూజియంలో ఉంది. 1939లో కట్టిన ఈ వెరులేమియం మ్యూజియంలో ఓ అద్దాల పెట్టెలో బంగారు నాణేలు పరిచి ఉన్నాయి. 2012లో పక్కనున్న సాండ్రిడ్జ్ దగ్గర, మెటల్ డిటెక్టర్ కొత్తగా కొన్న ఒకాయనకు దొరికినవి. మొత్తం 159. క్రీ.శ. 4వ శతాబ్ది చివరి కాలానివి, సాలిడస్ అంటారు. ఒక్కోటి నాలుగున్నర గ్రాములు. అన్నీ కలిపితే మన లెక్కన డెబ్బై తులాలు. బంగారం కదా, చిలుము పట్టలేదు. ముత్యాల పట్టీ కట్టుకున్న చక్రవర్తి ముఖం, చుట్టూ అక్షరాలు, అన్నీ నిన్న టంకశాలలో కొట్టినట్టున్నాయి. నేను మాత్రం నాణేలకంటే పక్కనున్న వివరాల కార్డునే ఎక్కువసేపు చూశాను. దొరికినాయన వాటిని తీసుకెళ్లి డిటెక్టర్ కొన్న షాపులోనే చూపించి, ఇప్పుడేం చెయ్యాలని అడిగాడట. మా జిల్లాలో డెబ్బై తులాల బంగారం దొరికినవాడు షాపుకు వెళ్తాడు నిజమే. కాకపోతే అది కంసాలి షాపు.

సభ ఏడున్నరకు అన్నారు. ఏడుంపావుకే హాలు సగం నిండింది. మడతకుర్చీలు, ఒక తెర, తలుపు దగ్గర బల్ల వేసుకుని రిజిస్టరుతో ఒక పెద్దాయన. సభ్యులకు ఉచితం, నాలాంటి వాళ్లు కొద్దిగా రుసుము ఇవ్వాలి. వేదిక అంటూ లేదు. అతిథి ఆయనే తన ల్యాప్‌టాప్ తీగ ఎక్కడ గుచ్చాలో వంగి వెతుక్కుంటున్నాడు. జ్యోతి ప్రజ్వలన లేదు, శాలువా లేదు, మెమెంటో లేదు, పదకొండు మందిని పేరుపేరునా “వేదికను అలంకరించవలసిందిగా” పిలవడం లేదు. అధ్యక్షురాలు లేచి నాలుగు ముక్కలు చెప్పింది: వేసవిలో తవ్వకానికి చేతులు కావాలి, లైబ్రరీ పుస్తకాలు తిరిగివ్వని వాళ్లు ఇవ్వాలి, కార్యదర్శి పని చూసుకోవడానికి ఎవరైనా ముందుకొస్తే బాగుండు. చివరి మాటకు హాలు మొత్తం తలలు దించుకుంది. ఆ ఒక్క క్షణం నాకు అచ్చం మన ఊళ్లో ఉన్నట్టే అనిపించింది.

అతిథి నాణేల మనిషి. ఆయన చెప్పినదాంట్లో సగం చరిత్ర, సగం చట్టం. చరిత్ర నేను చదివిందే, చట్టం దగ్గరికొచ్చేసరికి జేబులోంచి కాగితం తీశాను.

అక్కడ 1996లో నిధుల చట్టం చేశారు. బంగారంగాని వెండిగాని పదోవంతైనా ఉన్న పాత వస్తువు, మూడొందల ఏళ్లు దాటింది దొరికితే నిధి కింద లెక్క. నాణేలైతే వెండి బంగారాల్లో రెండు ఒకేచోట దొరికితే చాలు, రాగిలాంటి తక్కువ లోహమైతే పది కావాలి. 2023లో ఇంకో అడుగు వేసి, చరిత్రకు విశేషంగా పనికొచ్చే వస్తువైతే రెండొందల ఏళ్లది ఏ లోహంలో ఉన్నా చాలన్నారు. దొరికిన పద్నాలుగు రోజుల్లో కరోనర్‌కు చెప్పాలి. కరోనర్ అంటే అనుమానాస్పద మరణాల మీద విచారణ చేసే అధికారి. చావుకూ ఆయనే, నిధికీ ఆయనే. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు గాని నాకు నవ్వు రాలేదు. మా దగ్గరా అంతే కదా. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడపిల్ల చనిపోతే శవ పంచనామా చేసేది తహసీల్దారు, బిందె దొరికితే పంచనామాకు వెళ్లేదీ తహసీల్దారే.

మ్యూజియం ఏదైనా నిధి కావాలంటే నిపుణుల సంఘం మార్కెట్ ధర కడుతుంది. ఆ డబ్బు సాధారణంగా దొరికినవాడికి సగం, భూమి ఆసామికి సగం. ఏ మ్యూజియమూ అక్కర్లేదంటే వస్తువు తిరిగి ఇచ్చేస్తారు. నిధి కానివి కూడా, అంటే ఓ బొత్తామో, పగిలిన పిన్నో, ఒంటి రాగినాణెమో, రాయించాలనుకుంటే రాయించడానికి ప్రతి ప్రాంతంలో ఒక అధికారి ఉంటాడు. 1997లో మొదలైన ఈ నమోదులో పదిహేను లక్షలకు పైగా వస్తువులు చేరాయి. వాటిని ఎక్కువగా నమోదు చేయించింది ఆదివారం పూట చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని దుక్కుల్లో తిరిగే మామూలు జనం.

వింటుంటే మన 1878 నాటి నిధుల చట్టం కళ్లముందు మెదిలింది. చెడ్డ చట్టమేం కాదు. దొరికిందని కలెక్టర్‌కు తెలియజేసి ట్రెజరీలో జమచేస్తే, హక్కుదారు ఎవరూ తేలనప్పుడు నాలుగు వంతుల్లో మూడు వంతులు దొరికినవాడికి, ఒక వంతు భూమి సొంతదారుకు. కూలీకి ఇంత వాటా రాసిన చట్టాలు ఆ కాలానివి ఎన్నో ఉండవు. తిరకాసంతా ఇంకోచోట ఉంది. ప్రభుత్వం ఆ వస్తువు తనే ఉంచుకోదలిస్తే, చెల్లించాల్సింది అందులోని లోహం విలువ, దానిమీద ఐదో వంతు. వస్తువు విలువ కాదు, లోహం విలువ. సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట మీద 2024లో మన రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాల్లో ఒక కుండ దొరికింది. అందులో 3,730 సీసపు నాణేలు, ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయినీ చిహ్నం. ఒక్కోటి రెండు గ్రాముల పైచిలుకు. అదే కుండ గుట్ట కింద ఎవరి చెలకలోనో నాగలికి తగిలి ఉంటే? ఎనిమిదిన్నర కిలోల సీసం, తుక్కు ధర మీద ఐదో వంతు కలిపి లెక్కగట్టుకోండి. ఆఫీసు చుట్టూ తిరిగిన ఆటోచార్జీలు వెళ్లవు. బంగారమనుకుని కుండ పగలగొట్టినవాడు వాటిని వలలకు బరువు కట్టుకోమని చేపలవాళ్లకు ఇచ్చేసినా ఆశ్చర్యం లేదు.

బంగారం వెండి దొరికితే సంగతి వేరు. అక్కడ చరిత్ర కొలిమిలో కరుగుతుంది. నా సర్వీసులో ఒక ఊళ్లో ఇంటి పునాది తీస్తుంటే బిందె బయటపడింది. పంపకాల దగ్గర కూలీలకు తగాదా వచ్చి, ఒకడు స్టేషన్‌కు పోతేగాని మా దాకా రాలేదు. వెళ్లేసరికి మిగిలింది బిందె మూతి పెంకు ఒకటి, బియ్యం డబ్బాలో దాచిన నాలుగు వెండి నాణేలు, వాటి మీద ఫారసీ అక్షరాలు. మిగతావన్నీ పట్టీలు, మొలతాళ్లు అయిపోయాయి. ఆ ఇంటాయన నా కాళ్లు పట్టుకోబోయాడు. అతని భయం జైలు. చెప్పి ఉంటే నాలుగో వంతు నీకే వచ్చేదయ్యా అంటే నమ్మలేదు, ఎగతాళి చేస్తున్నాననుకున్నాడు. 2021లో జనగామ దగ్గర పెంబర్తిలో భూమి చదును చేస్తుంటే బంగారు, వెండి నగల కుండ దొరికినప్పుడు టీవీలో చూశాను. జనం గుంపులుగా వచ్చి అమ్మవారి సొమ్మని కొబ్బరికాయలు కొట్టారు. దొరికింది దేవుడిదో దొంగదో కావాలి మనకు. ఫలానా కాలంలో ఫలానా మనిషి దాచుకున్నదన్న ఊహే రాదు.

ప్రశ్నల వంతు వచ్చింది. ఒకాయన బిస్కెట్ల డబ్బా తెరిచి, మడిచిన గుడ్డలోంచి ఓ నాణెం తీసి, మా పెరట్లో ఉర్లగడ్డల మడిలో దొరికింది, రోమన్‌దేనా అన్నాడు. అతిథి అద్దం పెట్టి చూసి, మూడో జార్జి కాలపు రాగి అని తేల్చాడు. హాలు నవ్వింది, ఆయనా నవ్వాడు. అయినా అతిథి తేలిగ్గా తీసెయ్యలేదు, మడి ఏ దిక్కున ఉంది, ఎంత లోతులో దొరికింది అని అడిగి రాసుకున్నాడు. ఆ రాసుకోవడం నాకు నచ్చింది. మరొకావిడ దొంగ తవ్వకాల గురించి అడిగింది. రక్షిత స్థలాల్లో రాత్రిళ్లు డిటెక్టర్లతో దిగే ముఠాలు అక్కడా ఉన్నాయి, నైట్‌హాక్స్ అంటారు. పొద్దున పొలం నిండా గోతులుంటాయట. మన గుప్తనిధుల ముఠాలలాగా నిమ్మకాయలు, కోళ్లు, పూజారులు ఉండరు, అదొక్కటే తేడా.

నేనూ లేచాను. మా జిల్లాలో అక్కన్‌పల్లిలో 1,531 రోమన్ వెండి నాణేలు ఒకేచోట దొరికాయి, మీ సామ్రాజ్యపు డబ్బు మా ఊళ్లదాకా ఎందుకొచ్చిందో ఇక్కడివాళ్లకూ చెప్పండి అన్నాను. అతిథి ముఖం వెలిగింది. మన దక్షిణాదిలో దొరికేవి ఎక్కువగా అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల డినారియస్‌లు. మిరియాలకూ ముత్యాలకూ సన్న బట్టలకూ ఇచ్చిన డబ్బు. భారతదేశం ఏటా ఐదు కోట్ల సెస్టెర్షియస్‌లు లాగేస్తోందని రోమన్ రచయిత ప్లినీ ఏడ్చిన ఏడుపు ఆయన చెబుతుంటే, చాలామంది వెనక్కి తిరిగి నావైపు చూశారు, ఆ బాకీ నేనే ఉన్నట్టు. భారతదేశంలో దొరికిన నాణేలలో కొన్నింటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో కొట్టిన గాటు ఉంటుందనీ, వెండి అసలుదేనా అని పరీక్షించడానికి కొట్టారని ఒక వాదమనీ చెప్పాడు. సర్కారు నోటును వెలుతురుకు పెట్టి చూసే మన షావుకార్ల ఆచారం అంత పాతదన్నమాట.

చివర్లో టీ. హాలు వెనక బల్ల మీద కెటిల్, బిస్కెట్లు, పక్క బల్ల మీద ట్రేలలో పెంకులు. చలికాలంలో దున్నిన పొలాల్లో సభ్యులు వరసకట్టి నడుస్తూ ఏరినవి. కడిగి, ఒక్కోదాని మీద సన్నటి సిరాతో నంబరు వేసి పెట్టారు. తెల్లజుట్టు ముసలమ్మ ఒకావిడ, “చేత్తో పట్టుకుని చూడండి, ఏం కాదు” అని ఒక పెంకు నా అరచేతిలో పెట్టింది. వేలి గోరంత మందం. లక్క పూసినట్టు ఎర్రటి నిగనిగ. విరిగిన అంచు కూడా ఎరుపే, లోపల గరుకు లేదు. తిప్పితే అడుగున చిన్న ముద్ర, చేసిన కుమ్మరి పేరులో సగం. రోమన్ల కాలంలో ఇప్పటి ఫ్రాన్స్ దేశపు కుమ్మరి ఆవాల్లో కాలి ఓడల్లో వచ్చిన సామియన్ గిన్నె అది. ఇలాంటి ఎర్ర నిగనిగల ఇటలీ పెంకులే పాండిచ్చేరి పక్కన అరికమేడులో దొరికితే వీలర్ ఎగిరి గంతేశాడు. అవి ఎప్పటివో ఐరోపాలో ముందే తేలింది గనక, వాటితో కలిసి దొరికిన మన కుండలకూ తేదీ కట్టొచ్చు. 1945లో ఆయన అక్కడ తవ్వాక గాని దక్షిణాది తవ్వకాల పొరలకు గట్టి కాలం దొరకలేదు. ఈ ముక్క చెబితే ముసలమ్మ వీలర్‌ను టీవీలో చూశానంది. 1950లలో బీబీసీలో మ్యూజియం వస్తువులు చేతికిచ్చి ఇదేమిటో చెప్పమనే కార్యక్రమం వచ్చేది, ఆయన మీసం తిప్పుతూ జవాబులు చెప్పేవాడట. మనకు పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్, వాళ్లింట్లో టీవీ స్టారు.

అన్నీ బాగున్నాయని కాదు. హాల్లో నలభై ఏళ్లలోపువాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. నాలాంటి రంగువాణ్ణి నేనొక్కణ్ణే, ఆ ప్రాంతంలో మనవాళ్లు లేకనా! మా అమ్మాయి స్నేహితుల వాట్సాప్ గుంపులో సంక్రాంతి ముగ్గుల పోటీకి వచ్చే జనంలో పదోవంతు ఇక్కడికొచ్చినా కార్యదర్శి దొరికేవాడు. ముసలమ్మ నన్నే చేరమంది. వీసా ఆరు నెలలే అన్నాను. “ఆరు నెలలు చాలు, పెంకులు కడగడానికి” అంది.

అల్లుడు కారుతో వచ్చి బయట నిలబడ్డాడు. హీటర్ వేసి, బెల్టు పెట్టుకోమని చెప్పి, దారిలో అడిగాడు. “ఏం చెప్పారు మామయ్యా?” సగం సగం సంగతి చెప్పాను. “మరి కోదాడ దగ్గర మన చెలకలో దొరికితే?”

“పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజెయ్యాలి.”

“పది రూపాయలా!”

“1878లో పెట్టిన అంకె. ఎవరూ మార్చలేదు.”

కాసేపాగి, “మీ సర్వీసులో అలా రాసినవాళ్లున్నారా?” అన్నాడు. లేరన్నాను. స్టేషన్ నుంచి వచ్చాయి, ఆకాశరామన్న ఉత్తరాలు వచ్చాయి, వాటా దక్కని పాలివాళ్ల అర్జీలు వచ్చాయి. దొరికినవాడి సంతకంతో మాత్రం ఒక్క కాగితమూ నా టేబుల్ మీదికి రాలేదు.